నామినీ పేరు రాయమన్నారు, నాన్న సంతకం పెట్టొచ్చా?

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. సారాంశం ఇది. వాళ్ళ నాన్నగారికి 61 ఏళ్ళు. మిర్చి యార్డులో గుమస్తా. షుగర్ వచ్చి పదిహేనేళ్ళయింది, బీపీ కూడా ఉంది. రెండేళ్ళుగా కిడ్నీలు దెబ్బతింటున్నాయి. పోయిన నెల చేయించిన పరీక్షల్లో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) 1.9, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత సత్తా చెప్పే అంకె) 39, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంత పోతోందో చెప్పే ఆల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి 850 వచ్చాయి. వాడుతున్న మందులు టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్, మెట్‌ఫార్మిన్ రోజుకు 2000 మి.గ్రా., గ్లిమెపిరైడ్, అటోర్వాస్టాటిన్. పన్నెండేళ్ళుగా చూస్తున్న డాక్టరుగారు, తమ ఆసుపత్రిలో ఒక క్లినికల్ ట్రయల్ జరుగుతోందనీ, కిడ్నీ జబ్బు ముదరకుండా ఆపే కొత్త మాత్ర అనీ, చేరితే మంచిదనీ చెప్పారు. రెండున్నరేళ్ళలో 14 సార్లు వెళ్ళాలి. మాత్ర, పరీక్షలు ఉచితం. వెళ్ళినప్పుడల్లా దారి ఖర్చులకు 800 రూపాయలు ఇస్తారు. చేతికి 24 పేజీల తెలుగు పత్రం ఇచ్చి, గురువారం వచ్చి సంతకం పెట్టమన్నారు.

ఇంట్లో తలో మాట. నాన్నగారు సరేనంటున్నారు. ఇన్నేళ్ళు చూసిన డాక్టరు మాట కాదనడానికి ఆయనకు నోరు రావడం లేదు, పైగా మందుల ఖర్చు తగ్గుతుందని ఆశ. హైదరాబాదులో ఉండే అన్నయ్య "నాన్నని ప్రయోగాల ఎలుకని చేస్తారా" అని ఫోనులో కేకలేశాడు. అమ్మగారు పత్రంలో నామినీ పేరు, సంవత్సరాదాయం అడిగిన గళ్ళు చూసి బెదిరిపోయారు. "ప్రాణానికి ముప్పు లేకపోతే నామినీ ఎందుకే?" అంటూ రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. వీటన్నిటికీ తోడు, ఈమెకు ఒక్కరికే తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. నాన్నగారు ఏడాదిగా పల్నాడు వైపు ఒకాయన ఇచ్చే నాటుమందు పొడి రోజూ పరగడుపున తాగుతున్నారు. మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో అడిగి నొప్పి బిళ్ళలు కూడా తెచ్చుకుంటున్నారు. "ఆ సంగతి ఆసుపత్రిలో అనకు, తెలిస్తే తీసుకోరు" అని కూతురి దగ్గర మాట తీసుకున్నారు. సంతకం పెట్టనివ్వాలా, ఆపాలా, నాన్నకిచ్చిన మాట ఏం చేయాలి అని ఆమె అడుగుతున్నారు.

మీరు చివర రాసిన సంగతినే నేను ముందు తీసుకుంటాను. ట్రయల్ గురువారం మాట. నొప్పి బిళ్ళ ఇవాళ్టి మాట.

కిడ్నీలో రక్తం వడపోత జరగాలంటే లోపల కొంత ఒత్తిడి ఉండాలి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాన్ని బిగిస్తాయి. మీ నాన్నగారు వాడే టెల్మిసార్టాన్ బయటికి తీసుకెళ్ళే నాళాన్ని వదులు చేస్తుంది. టెల్మిసార్టాన్ ఒక్కటే ఉన్నంతవరకు అది కిడ్నీకి మేలే, ఆయనకది కావాలి, మానకూడదు. కానీ రెండూ కలిస్తే పొలంలోకి నీరొచ్చే తూము మూసి, బయటికి పోయే తూము తెరిచినట్టవుతుంది. ఎండలకు ఒళ్ళు ఎండిపోయినా, వాంతులూ విరేచనాలూ పట్టుకున్నా ఆ రెండూ కలిసి కిడ్నీని నాలుగు రోజుల్లో కూలదోయగలవు. పేరు చూడండి. పైన చెప్పిన జాతి బిళ్ళ అయితే ఇవాళే ఆపించండి. మోకాళ్ళకు పారాసెటమాల్ ఎంత మోతాదులో వాడొచ్చో డాక్టరుగారిని అడగండి.

నాటుమందులన్నీ చెడ్డవని నేను అనను. ఆ పొట్లంలో ఏముందో ఇచ్చినాయన తప్ప ఎవరికీ తెలియదు, చిక్కంతా అక్కడే. కొన్ని పొడుల్లో సీసం, పాదరసం బయటపడ్డాయి. అరిస్టలోకిక్ ఆమ్లం ఉండే మొక్కలు కిడ్నీని నేరుగా పాడుచేస్తాయని వైద్యశాస్త్రం గట్టిగా తేల్చింది. కొందరు స్టెరాయిడ్ కలిపేస్తారు. తాగినవాళ్ళకు నొప్పులు తగ్గి ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది, లోపల షుగర్ పెరిగిపోతుంది. ఈజీఎఫ్ఆర్ 39 ఉన్న మనిషికి ఇది ఆడుకునే విషయం కాదు.

మాట తప్పమని మీకు చెప్పను. ఆ మాటను ఆయనే వెనక్కి తీసుకునేలా చేయండి. "నాన్నా, రేపు ఆ కొత్త మాత్ర వేసుకున్నాక క్రియాటినిన్ పెరిగిందనుకో. అది మాత్ర వల్లో, పొడి వల్లో, నొప్పి బిళ్ళ వల్లో వాళ్ళకి ఎట్లా తెలుస్తుంది? నీకు పనిచేస్తున్న మందునే దోషి అనుకుని ఆపేస్తే? లేకపోతే మాత్ర చేస్తున్న చెడుని పొడి కప్పేస్తే?" అని అడగండి. యార్డులో లెక్క రాసే మనిషి కదా, పద్దు తప్పు రాస్తే ఎవరికి నష్టమో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. నష్టపరిహారం దాకా వస్తే కారణం ఏమిటన్నదే మొత్తం వ్యవహారం. దాచిన మందు బయటపడిన చోట ఆ కారణం తేలడం కష్టమవుతుంది. తెలిస్తే తీసుకోరేమోనన్న భయం కూడా పూర్తిగా నిజం కాదు. చాలా ట్రయల్స్‌లో ఇలాంటి మందులు కొన్ని వారాలు మాన్పించి, పరీక్షలు మళ్ళీ చేసి చూస్తారు. నొప్పి బిళ్ళ ఆపితే క్రియాటినిన్ కొంత దిగొచ్చే అవకాశమూ లేకపోలేదు.

ఇక ట్రయల్. చేరాలా వద్దా అనేది నా దృష్టిలో రెండో ప్రశ్న. ఇప్పటికే రుజువైన వైద్యం మీ నాన్నగారికి పూర్తిగా అందుతోందా? మొదట తేల్చుకోవలసింది అది. మీరు రాసిన మందుల పట్టీలో నాకు రెండు విషయాలు కనిపించాయి.

ఒకటి, మెట్‌ఫార్మిన్ మోతాదు. ఈజీఎఫ్ఆర్ 45 కన్నా తగ్గితే దాన్ని మామూలుగా రోజుకు 1000 మి.గ్రా.కు దించుతారు, 30 కన్నా తగ్గితే ఆపేస్తారు. మీ నాన్నగారికి 2000 నడుస్తోంది. మీ అంతట మీరు తగ్గించకండి, షుగర్ అదుపు తప్పుతుంది. ఈ వారమే డాక్టరుగారితో మాట్లాడండి.

రెండోది ట్రయల్‌కు నేరుగా ముడిపడిన విషయం. పట్టీలో డాపాగ్లిఫ్లోజిన్ గానీ ఎంపాగ్లిఫ్లోజిన్ గానీ లేదు. షుగర్‌తో కిడ్నీ దెబ్బతిని, మూత్రంలో ఇంత ఆల్బుమిన్ పోతున్నవారికి టెల్మిసార్టాన్ జాతి మందుతో పాటు ఈ జాతి మందు కూడా ఇవ్వడం ఇప్పుడు ప్రామాణిక వైద్యం. మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ మీద మొదటి పేటెంట్ 2020లో తీరిపోయింది, అప్పటినుంచి చాలా కంపెనీల మాత్రలు చవకగా దొరుకుతున్నాయి. ఆయనకు ఇవ్వకపోవడానికి కారణం ఉండొచ్చు. మూత్రభాగంలో తరచూ ఇన్ఫెక్షన్లు రావడం, గతంలో కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే ప్రమాదం) రావడం లాంటివి. ఉంటే ఆ కారణం మీకు తెలియాలి. లేకపోతే "ట్రయల్ సంగతి పక్కన పెట్టి, ఈ మందు మా నాన్నకి ఎందుకు రాయలేదండీ?" అని అడగండి. ఆ వెంటనే ఇంకో మాట అడగండి: "ట్రయల్‌లో చేరితే ఇది మొదలుపెట్టనిస్తారా, రెండున్నరేళ్ళు దూరంగా ఉంచుతారా?" ప్రామాణిక వైద్యం అందరికీ ఇచ్చి, దాని మీద కొత్త మాత్రనో ప్లాసిబోనో (మందు లేని ఉత్తి మాత్రనో) కలిపే ట్రయల్ ఒక రకం. ప్రామాణిక మందు మొదలుపెట్టకుండా ఆపి పరీక్షించేది వేరే రకం. మొదటి రకంలో ప్లాసిబో పడినా మీ నాన్నగారు కోల్పోయేది తక్కువ. రెండో రకమైతే మేలు చేస్తుందని తెలిసిన మందును రెండున్నరేళ్ళు వదులుకున్నట్టే, దానికి నేనైతే ఒప్పుకోమని చెప్పను.

డాక్టరుగారు "చేరితే మంచిది" అన్నారని రాశారు. ఆయన మంచి మనసుతోనే అని ఉంటారు, కానీ ఆ మాట కచ్చితం కాదు. మంచిదని ముందే తెలిస్తే ట్రయల్ అక్కర్లేదు. ఈ మాత్ర మేలు చేస్తుందో, ఊరికే ఉంటుందో, కీడు చేస్తుందో తెలియకే కదా వందల వేల మందిని చేర్చుకుంటున్నారు. ఎవరికి అసలు మాత్ర, ఎవరికి అదే రంగు, అదే సైజు ఉత్తి మాత్ర అనేది కంప్యూటరు లాటరీ తీసినట్టు తేలుస్తుంది. ఎవరికి ఏది పడిందో డాక్టరుకీ తెలియదు, రోగికీ తెలియదు. "కాస్త మంచి మందే పడేలా చూడండి సార్" అని బతిమాలినా ఆయన చేతిలో ఏమీ ఉండదు. తెలిస్తే ఆయన చూపూ, మీ నాన్నగారి నమ్మకమూ రెండూ లెక్కను ఒకవైపు వంచేస్తాయి. అత్యవసరం వస్తే మాత్రం కోడు విప్పి ఏ మందో చూసే ఏర్పాటు ఉంటుంది.

కిడ్నీ మందుల చరిత్రలోంచే రెండు ట్రయల్స్ చెబుతాను. పైన చెప్పిన డాపాగ్లిఫ్లోజిన్‌ను కిడ్నీ జబ్బు ఉన్న 4304 మంది మీద పరీక్షించారు, 2020లో ఫలితాలు వచ్చాయి. కిడ్నీ పనితనం సగానికి పైగా పడిపోవడం, పూర్తిగా విఫలం కావడం, కిడ్నీ వల్లో గుండె వల్లో చనిపోవడం, వీటిలో ఏదో ఒకటి సుమారు రెండున్నరేళ్ళలో ప్లాసిబో తీసుకున్న ప్రతి 100 మందిలో 14, 15 మందికి జరిగితే, అసలు మందు తీసుకున్న 100 మందిలో 9 మందికి జరిగింది. మేలు అంత స్పష్టంగా ఉండడంతో ట్రయల్‌ను ముందే ముగించారు. మందు తీసుకున్నా 9 మందికి ఆ నష్టం తప్పలేదు, తీసుకోకపోయినా 85 మంది బాగానే ఉన్నారు. ఒక మనిషికి ఏం జరుగుతుందో ఏ ట్రయలూ చెప్పదు, గుంపులో తేడా మాత్రమే చెబుతుంది. మీ నాన్నగారి విషయంలోనూ అంతే.

రెండోది బార్డాక్సలోన్ అనే మాత్ర. చిన్న ట్రయల్‌లో ఈజీఎఫ్ఆర్ పెంచింది, అందరూ సంబరపడ్డారు. తర్వాత షుగర్ వల్ల కిడ్నీ బాగా దెబ్బతిన్న 2185 మందితో పెద్ద ట్రయల్ పెట్టారు. మందు పడిన వాళ్ళలో గుండె వైఫల్యం ఎక్కువగా కనబడడంతో 2012లో మధ్యలోనే ఆపేశారు. రక్త పరీక్షలో అంకె బాగుపడడం వేరు, మనిషి బాగుపడడం వేరు. ఈ ట్రయల్ నడిచేటప్పుడు వచ్చే లెక్కలను కంపెనీతో సంబంధం లేని ఒక భద్రతా కమిటీ మధ్యమధ్యలో విప్పి చూసింది. మీ నాన్నగారి ట్రయల్‌కు అలాంటి కమిటీ ఉందా అని అడగండి, ఉండాలి.

మీ అన్నయ్య కోపాన్ని తీసిపారేయకండి. 2011లో పిడుగురాళ్ళ ప్రాంతపు పేద మహిళలను డబ్బు ఆశ చూపి హైదరాబాదు తీసుకెళ్ళి మందుల పరీక్షల్లో వాడుకున్నారన్న వార్త మన జిల్లాలో చాలామందికి ఇంకా గుర్తుంది. ఆ కాలపు చేదు అనుభవాల వల్లే సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది, నిబంధనలు బిగిశాయి, 2019లో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వచ్చాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు డబ్బిచ్చి మందు ఒంట్లో ఎలా తిరుగుతుందో చూసే పరీక్ష వేరు, జబ్బు ఉన్నవారికి వాళ్ళ జబ్బు మందునే చివరి దశల్లో పరీక్షించడం వేరు. అన్నయ్యకు ఇంకొకటి కూడా గుర్తు చేయండి. కోవిడ్ రోజుల్లో విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల నిండా, కోవిడ్ నుంచి కోలుకున్నవారి రక్తంలోని ప్లాస్మా కావాలన్న వేడుకోళ్ళే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 39 ఆసుపత్రుల్లో 464 మందితో ట్రయల్ చేస్తే, ప్లాస్మా ఎక్కించినవారిలో 19 శాతం మందికి, ఎక్కించనివారిలో 18 శాతం మందికి జబ్బు ముదరడమో ప్రాణం పోవడమో జరిగింది. తేడా లేదు. ఆ లెక్క లేకుండా ఊరందరికీ ఎక్కించడం కూడా ప్రయోగమే, కాకపోతే పద్దు రాయని ప్రయోగం.

కోపం పక్కన పెట్టి అన్నయ్య చేయగలిగిన పని ఒకటుంది. భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, అంటే సీటీఆర్ఐ, అందరూ ఉచితంగా చూడగలిగే జాబితా. మన దేశంలో ఇలాంటి ట్రయల్స్ 2009 నుంచి అందులో నమోదు కావాలి. మొదటి రోగిని చేర్చుకోవడానికి ముందే నమోదు పూర్తవ్వాలని 2018 ఏప్రిల్ నుంచి ఉంది. సీటీఆర్ఐ అన్న అక్షరాలు, సంవత్సరం, నెల, తర్వాత ఒక పొడుగాటి అంకె, ఇలా ఉంటుంది నమోదు సంఖ్య. పత్రంలో కనబడకపోతే ఆసుపత్రిలో ట్రయల్ పనులు చూసే కోఆర్డినేటర్‌ను అడిగి తీసుకోండి. వెబ్‌సైటులో ఆ సంఖ్య కొడితే ఏ దశ ట్రయలో, ట్రయల్ చేయిస్తున్న స్పాన్సర్ కంపెనీ ఏదో, దేనితో పోలుస్తున్నారో, ఎంతమందిని తీసుకుంటారో వస్తుంది. ముఖ్యంగా చూడవలసినవి మూడు: ట్రయల్ జరిగే చోట్ల జాబితాలో మీ ఆసుపత్రి పేరు ఉందా, దాని ఎదురుగా, రోగుల హక్కులు, క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చినట్టు ఉందా, కేంద్ర ఔషధ నియంత్రణ అధికారి అనుమతి సంగతి ఏమని ఉంది. నమోదు సంఖ్యే లేదన్నా, ఆసుపత్రి పేరు జాబితాలో లేకపోయినా సంతకం మాట ఎత్తకండి.

అమ్మగారి భయం గురించి. నామినీ, సంవత్సరాదాయం, వృత్తి, చదువు గళ్ళు ఈ ఆసుపత్రి సొంతంగా పెట్టినవి కావు. ట్రయల్స్ సమ్మతి పత్రం ఎలా ఉండాలో ప్రభుత్వ నిబంధనల్లోనే ఆ నమూనా ఉంది. మీ పత్రంలో ఆ గళ్ళు ఉన్నాయంటే నిబంధన ప్రకారం తయారు చేశారని అర్థం, లేకపోతేనే నేను అనుమానపడేదాన్ని. బ్యాంకు ఖాతా తెరిచినప్పుడు కూడా నామినీ రాస్తాం కదా. ట్రయల్ వల్ల ఏదైనా జరిగితే డబ్బు ఎవరి చేతికి వెళ్ళాలో ముందే రాసి ఉంచడమే అది, అమ్మగారి పేరే రాయించండి. ముప్పు బొత్తిగా లేదని మాత్రం ఆవిడకు చెప్పకండి, అది అబద్ధమవుతుంది. ఉన్నదున్నట్టు ఇలా చెప్పండి.

ట్రయల్‌లో ఉండగా ఒంటికి ఏదైనా హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి. అవసరమైనంత కాలమో, అది ట్రయల్ వల్ల కాదని తేలేదాకానో, ఏది ముందైతే అది. ఆసుపత్రిలో చేర్చాల్సినంత తీవ్రమైనది జరిగితే ట్రయల్ డాక్టరు 24 గంటల్లో ఔషధ నియంత్రణ అధికారికీ, స్పాన్సర్‌కూ, ఎథిక్స్ కమిటీకీ తెలియజేయాలి, 14 రోజుల్లో పూర్తి నివేదిక ఇవ్వాలి. ట్రయల్ వల్లే ప్రాణం పోతే పరిహారానికి ఒక సూత్రం ఉంది: 8 లక్షల మూలధనాన్ని వయసు అంకెతోనూ, జబ్బు తీవ్రతను బట్టి 0.5 నుంచి 4 దాకా ఉండే అంకెతోనూ గుణించి 99.37తో భాగిస్తారు. 65 దాటినవారికి వయసు అంకె కూడా 99.37 కాబట్టి అది 4 లక్షల నుంచి 32 లక్షల దాకా వస్తుంది. వయసు తక్కువైతే ఇంకాస్త పెరుగుతుంది. అధికారి ఉత్తర్వు ఇచ్చిన 30 రోజుల్లో స్పాన్సర్ చెల్లించాలి. జబ్బు తన దారిన తాను ముదిరితే మాత్రం పరిహారం రాదు, ట్రయల్‌తో ముడి ఉందని తేలాలి. అందుకే పొడి పొట్లం సంగతి అంత గట్టిగా చెప్పాను.

ఆ 24 పేజీలు ఒక్క విడతలో చదవలేరు. రెండు రాత్రులు పెట్టుకోండి, పెన్సిలు దగ్గర పెట్టుకుని మీరు పైకి చదవండి, ఆయన వినాలి. ప్రతి రెండు పేజీలకూ ఆగి "ఏం అర్థమైంది నాన్నా, నీ మాటల్లో చెప్పు" అనండి. "నాకు ఉత్తి మాత్ర పడొచ్చు", "మధ్యలో మానేయొచ్చు", "రాత్రి పూట ఏమైనా అయితే ఫలానా నంబరుకు ఫోన్ చేయాలి" అనే మూడు మాటలు ఆయన నోట రాకపోతే ఆ సంతకానికి విలువ లేదు. దుష్ఫలితాల పేజీ నిదానంగా చదవండి. రక్తం ఎన్నిసార్లు, ఎంత తీస్తారో చూడండి. మామూలుగా ఒక్కో ట్యూబులో నాలుగైదు మి.లీ. ఉంటుంది, నాలుగు ట్యూబులు తీసినా నాలుగు టీ చెంచాలు మించదు, దానికి భయపడక్కర్లేదు. రక్తాన్ని దాచి ఉంచి తర్వాత జన్యు పరీక్షలకు వాడుకోవడానికి, విదేశాలకు పంపడానికి విడిగా టిక్కు పెట్టే గడి కొన్ని పత్రాల్లో ఉంటుంది. అక్కడ "వద్దు" అని పెట్టినా ట్రయల్‌లో చేరొచ్చేమో అడగండి, చాలావాటిలో చేరొచ్చు. చివరి పేజీల్లో ట్రయల్ డాక్టరు ఫోన్ నంబరు, ఎథిక్స్ కమిటీ వాళ్ళ నంబరు ఉంటాయి. రెండోది చాలామంది చూడరు. ఆ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మంది ఆసుపత్రికి సంబంధం లేనివాళ్ళు కావాలి, న్యాయం తెలిసినవారు, వైద్యులు కాని మామూలు మనిషి కూడా ఉండాలి. మీకు అనుమానం వస్తే డాక్టరుకు తెలియకుండానే వాళ్ళకు ఫోన్ చేయొచ్చు. సంతకం చేసిన పత్రం నకలు ఒకటి మీ ఇంటికి రావాలి.

ఖర్చు తగ్గుతుందన్న నాన్నగారి ఆశను కాస్త సరిచేయాలి. ఉచితం అంటున్నది ట్రయల్ మాత్ర, ట్రయల్ పరీక్షలు. బీపీ, షుగర్ మందులు చాలావరకు ఎప్పటిలాగే మీ జేబులోంచే. 800 రూపాయలు దారి ఖర్చు, పోయిన రోజు కూలికి సరిపోకపోవచ్చు. ఒక్కో విజిట్‌కు కొన్ని రోజుల వెసులుబాటు మాత్రమే ఇస్తారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డులో ఊపిరాడని సీజన్‌లో ఆయన రాగలరా? ఆ తేదీలు ముందే రాయించుకోండి. ట్రయల్ అయిపోయాక మాత్ర పనిచేస్తోందని తేలితే కొనసాగిస్తారా లేదా అన్నది కూడా పత్రంలో ఉందేమో చూడండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. చేరవచ్చు: ప్రామాణిక మందులు అందుతూ, నమోదు సరిగా ఉండి, పొడి సంగతి చెప్పాక కూడా వాళ్ళు తీసుకుంటే. రెండున్నరేళ్ళు ఆయన కిడ్నీలను క్రమం తప్పకుండా ఎవరో ఒకరు చూస్తుంటారు, అది చిన్న లాభం కాదు. బదులుగా ఇంకా తెలియని దుష్ఫలితాల ముప్పు భుజాన వేసుకుంటారు. చేరకపోవచ్చు: అప్పుడు డాపాగ్లిఫ్లోజిన్ సంగతి, మెట్‌ఫార్మిన్ సంగతి తేల్చుకుని, మూడు నెలలకోసారి క్రియాటినిన్, పొటాషియం, మూత్ర పరీక్ష మీరే గుర్తుపెట్టుకుని చేయించాలి. ఇది తక్కువ వైద్యం కాదు, కాకపోతే తేదీలు గుర్తుచేసే కోఆర్డినేటర్ ఉండరు, ఆ పని మీది. మూడో దారి, ఆగడం. గురువారం అన్నది ఆసుపత్రి సౌకర్యం, గడువు కాదు. ఆలోచించుకోవడానికి తగినంత సమయం ఇవ్వాలన్నది నియమం. పది రోజులు అడగండి. ఈలోగా ఈ ట్రయల్‌తో సంబంధం లేని కిడ్నీ వైద్యులకు ఆ పత్రం చూపించండి. గుంటూరు పెద్దాసుపత్రి ఉంది, మంగళగిరి ఎయిమ్స్ ఉంది, విజయవాడ సూర్యారావుపేటలో ప్రైవేటు వైద్యులున్నారు. పది రోజులు కూడా ఇవ్వలేమని వాళ్ళంటే, ఆ తొందరే మీకు జవాబు. నన్నడిగితే మూడో దారితో మొదలుపెట్టమంటాను, దాని చివర మొదటిదైనా రెండోదైనా నిశ్చింతగా ఎంచుకోవచ్చు.

ట్రయల్‌లో చేర్చిన ఒక్కో రోగికీ స్పాన్సర్ నుంచి ఆసుపత్రికి సొమ్ము వస్తుంది. ఆ లెక్క ప్రభుత్వానికి చూపిస్తారు, అందులో దొంగతనమేమీ లేదు. కానీ మీ డాక్టరుగారు ఇప్పుడు రెండు కుర్చీల్లో కూర్చున్నారు, వైద్యుడి కుర్చీ ఒకటి, పరిశోధకుడి కుర్చీ ఒకటి. మొహమాటం ఎక్కువగా ఉన్న మీ నాన్నగారికి అదే బరువు. కాదనాలనిపిస్తే ఇంత చాలు: "సార్, మీ దగ్గర వైద్యం మానను, ట్రయల్ మాత్రం వద్దనుకుంటున్నాను." దీనివల్ల మామూలు వైద్యంలో తేడా రాకూడదని పత్రంలోనే రాసి ఉంటుంది, ఆ వాక్యం కింద గీత గీసి తీసుకెళ్ళండి.

ఒకవేళ చేరితే రోజువారీ సంగతులు రెండు మూడు. ఆయనకు ఒక ట్రయల్ కార్డు ఇస్తారు, అది జేబులోంచి దిగకూడదు. అర్ధరాత్రి ఇంకో ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ముందు చూపించాల్సింది అదే. మాత్రల డబ్బా మీద ఎంత వేడి లోపు ఉంచాలో రాసి ఉంటుంది. రోహిణి కార్తెలో స్కూటరు డిక్కీలో వదిలేసిన డబ్బాకు ఆ హామీ ఉండదు. విజిట్‌కు వెళ్ళినప్పుడు మిగిలిన మాత్రలు లెక్కపెడతారు. మరిచిపోయిన రోజులుంటే మరిచిపోయానని చెప్పాలి, లెక్క సరిపోవాలని మాత్రలు పారబోయకూడదు. వాంతులూ విరేచనాలూ పట్టుకున్న రోజు ఏ మందులు ఆపాలో ఫోన్ చేసి అడగాలి. ఎప్పుడైనా వద్దనిపిస్తే కారణం చెప్పకుండా మానేయొచ్చు. కానీ చెప్పకుండా మాయం కావద్దు. మాత్ర మాని, పరీక్షలకు మాత్రం వెళ్తూ ఉండొచ్చు. అలా వెళ్తే ఆయన కిడ్నీల మీద కాపలా ఉంటుంది, ట్రయల్ లెక్కా పాడవదు.

చివరిగా, సంతకం ఎవరిదన్న మాట. మీ నాన్నగారు తెలివితో ఉన్న మనిషి, చదవగలరు, లెక్క కట్టగలరు. ఆయన తరఫున సంతకం పెట్టే హక్కు మీకూ లేదు, ఆపే హక్కు అన్నయ్యకూ లేదు. మీ పని ఆయనకు విషయం మొత్తం తెలిసేలా చేయడం. అన్నయ్యను ఆదివారం వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, సీటీఆర్ఐలో దొరికిందేమిటో అతని చేతే చదివించండి. అమ్మగారిని పక్కనే కూర్చోనివ్వండి.

ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు సంచిలో పాత రిపోర్టులు, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు, పెన్సిలు గీతలున్న ఆ 24 పేజీలు పెట్టుకోండి. వాటితో పాటు ఆ పొడి పొట్లం, నొప్పి బిళ్ళల స్ట్రిప్పు కూడా. వాటిని బయటికి తీసి బల్ల మీద పెట్టేది మీరు కాకుండా మీ నాన్నగారే అయితే, మీరిచ్చిన మాటా తప్పినట్టు కాదు.